జనాభా రెట్టింపైతే కోర్టూ జైలూ ఆఫీసులూ కూడా రెట్టింపు కట్టాలా?

నగరపటం:
అందరికీ నమస్తే. పెరుగుతున్న ఒక పట్టణానికి ఇరవై ఏళ్ల ప్రణాళిక రాసే పనిలో ఉన్నాను. రోడ్లు, నీళ్లు, మురుగు కాలువలు అయిపోయాయి, వాటికి మనిషికి రోజుకి ఇన్ని లీటర్లు అని లెక్కలు దొరుకుతాయి కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. ఇప్పుడు స్థానిక పాలన, న్యాయం దగ్గరికొచ్చి ఆగిపోయాం. అంటే కౌన్సిల్ హాలు, ఆఫీసులు, కోర్టు, లాకప్పు, జైలు, రికార్డు గదులు. కమిటీలో ఒక పెద్దాయన ఒక్క మాటలో తేల్చేశారు, జనాభా రెట్టింపవుతుంది కాబట్టి ఇప్పుడున్న చదరపు అడుగుల్ని రెండుతో గుణించండి, పనైపోతుంది అని. నాకు ఎక్కడో తేడా కొడుతోంది, కానీ ఆయనకి ఎదురు చెప్పడానికి గట్టి కారణం దొరకట్లేదు. ఈ రంగంలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కలపిచ్చి:
మీ పెద్దాయన చేసిన గుణకారంలో రెండు తప్పులున్నాయి. మొదటిది, జనాభా అంచనానే నమ్మలేం. బ్రెజిల్ రాజధాని బ్రెసీలియాని ఐదు లక్షల మందికి అనుకుని కట్టారు, 1960లో ప్రారంభించారు, 2022 జనగణన నాటికి అది ఉన్న ఫెడరల్ జిల్లాలో 28 లక్షల మంది ఉన్నారు. చండీగఢ్‌కి చివరి లక్ష్యం ఐదు లక్షలే, 2011లో పదిన్నర లక్షలు దాటింది. ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌ని 1967లో రెండున్నర లక్షలకి అనుకున్నారు, 2021లో 2.87 లక్షలు, అంటే అది కాస్త దగ్గరగా తగిలింది. ఇవన్నీ పేరున్న ప్లానర్లు, ప్రభుత్వాల అండతో వేసిన అంచనాలు. కాబట్టి ఒకే ఒక్క అంకె పట్టుకుని భవనం కట్టేస్తామంటే కుదరదు, తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు అంచనాలు పెట్టుకుని మూడింటికీ చెల్లే స్థలం చూసుకోవాలి.

రెండోది ఇంకా ముఖ్యం. పెరిగే మనుషులు ఎవరు? పనుల కోసం వచ్చే పాతికేళ్ల కుర్రాళ్లు పెరిగితే క్రిమినల్ కేసులు, ట్రాఫిక్ జరిమానాలు, అద్దె తగాదాలు పెరుగుతాయి. చిన్నపిల్లలున్న కుటుంబాలు పెరిగితే ఫ్యామిలీ కోర్టు పని పెరుగుతుంది. ముసలివాళ్లు పెరిగితే వీలునామాలు, ఆస్తి పంపకాలు, సంరక్షకుల నియామకాలు. తల లెక్క ఒకటే అయినా ఈ మూడు పట్టణాలకీ కావలసిన కోర్టు వేరు. అందుకే వయసుల వారీగా విడగొట్టిన అంచనా లేకుండా ముందుకెళ్లొద్దు.

పాత_గుమాస్తా:
కోర్టు ఆఫీసులో చాలాకాలం పనిచేసి రిటైరైనవాణ్ణి, పైన చెప్పినదానికి కొంచెం కలుపుతాను.

కేసుల సంఖ్య చూసి కూడా మోసపోవద్దు. జరిమానా కట్టి వెళ్లిపోయే కేసు రెండు నిమిషాల పని. అన్నదమ్ముల ఆస్తి పంపకం కేసు సాక్షులు, దస్తావేజులు, కమిషనర్ రిపోర్టులు, అప్పీళ్లతో ఏళ్ల తరబడి ఒక బీరువాలో సగం ఆక్రమిస్తుంది. రిజిస్టర్‌లో మాత్రం రెండూ ఒక్కొక్క నంబరే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఒక్కో రకం కేసుకి జడ్జికి సగటున ఎన్ని నిమిషాలు పడుతుందో కొలిచి, ఆ నిమిషాలతో గుణించి ఎంతమంది జడ్జిలు కావాలో తేలుస్తారు. ఏ కోర్టులోనైనా ఒక నెల పాటు కూర్చుని రాసుకుంటే ఇలాంటి లెక్క చేతికొస్తుంది, దీనికి పెద్ద కన్సల్టెంటు అక్కర్లేదు.

ఇంకోటి, కోర్టులో చోటు ఎక్కువగా తినేది కోర్టు హాలు కాదండీ. వరండా. కక్షిదారులు, వాళ్లతో వచ్చిన బంధువులు, సాక్షులు, ప్లీడర్లు, పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లు, అందరూ అక్కడే. వాళ్లందరినీ పొద్దున ఒకే టైముకి రమ్మంటారు, పిలిచేసరికి మధ్యాహ్నం, పిలిచాక వాయిదా. ఆ వాయిదా పడిన మనిషికి కూడా కూర్చోడానికి కుర్చీ, తాగడానికి నీళ్లు, బాత్‌రూమ్ కావాలి కదా. సమన్లలోనే ఫలానా కేసు పదకొండుకి, ఫలానాది రెండున్నరకి అని గంటల వారీగా రాసి, దాన్ని నిజంగా పాటిస్తే అదే వరండా చాలా ఎక్కువ మందికి సరిపోతుంది. భవనం పెంచకుండా చోటు పెంచే పద్ధతి ఇది. కానీ దీనికి రిబ్బన్ కత్తిరింపు ఉండదు కాబట్టి ఎవరికీ ఉత్సాహం ఉండదు.

నల్లకోటు:
గుమాస్తా గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, వరండాల్లో నిలబడి నా మోకాళ్లు అరిగిపోయాయి.

జనాభాతో గుణించడం గురించి ఒక సంగతి. భారత లా కమిషన్ 1987లో తన 120వ నివేదికలో పది లక్షల మందికి పదిన్నర మంది జడ్జిలే ఉన్నారు, దాన్ని యాభైకి పెంచాలి అని చెప్పింది. ఆ యాభై అంకె అప్పట్నుంచీ ప్రతి సభలోనూ వినిపిస్తూనే ఉంది, 2002లో సుప్రీంకోర్టు కూడా దాని వైపే మొగ్గింది. అయితే అదే లా కమిషన్ 2014లో 245వ నివేదికకి వచ్చేసరికి జనాభా నిష్పత్తి సరైన కొలబద్ద కాదు, కొత్తగా ఎన్ని కేసులు వస్తున్నాయి, ఒక్కో జడ్జి ఏడాదికి ఎన్ని తేలుస్తున్నారు, పాత బకాయి ఎంత అన్నదాని మీద లెక్క వేయాలి అంది. చదువు, ఆదాయం, వ్యాపారం పెరిగిన చోట జనం కోర్టుకెక్కువ వస్తారు, పేదరికం ఉన్నచోట అన్యాయం జరిగినా రారు. కాబట్టి నగరపటం గారూ, మీ పెద్దాయనకి ఈ రెండు నివేదికలూ పక్కపక్కన పెట్టి చూపించండి, ఎదురు చెప్పినట్టూ ఉండదు.

అలాగని జనాభా నిష్పత్తిని పూర్తిగా పారేయమనను. జనం కోర్టుకి రాకపోవడానికి కోర్టు దూరంగా ఉండటమే కారణమైతే, దాఖలైన కేసుల లెక్క చూసి "ఇక్కడ అవసరం తక్కువ" అనుకోవడం అన్యాయం. దగ్గర్లో కోర్టు పెట్టిన రోజు నుంచి కేసులు పెరుగుతాయి, అవి ఎప్పట్నుంచో ఉన్న తగాదాలే.

పన్నుకట్టేవాడు:
ఇంత చర్చ ఎందుకు? అన్నీ ఆన్‌లైన్ చేసేయండి. సర్టిఫికెట్లు ఫోన్లో, విచారణ వీడియోలో. ఇరవై ఏళ్ల తర్వాత ఎవడు కోర్టుకి వస్తాడు? మా డబ్బుతో పాలరాతి మెట్లు కట్టకండి చాలు.

కాపలాకోట:
కోర్టు గురించి వాళ్లు చెప్తారు, నేను జైలు గురించి చెప్తాను. ఉద్యోగమంతా ఆ గోడల లోపలే గడిచింది.

జైల్లో ఎంతమంది ఉంటారన్నది బయట జనాభా ఎంతన్నదాని మీద ఆధారపడదు. రెండు అంకెల మీద ఆధారపడుతుంది. రోజుకి ఎంతమంది లోపలికి వస్తున్నారు, వచ్చినవాడు సగటున ఎన్నాళ్లు ఉంటున్నాడు. రోజుకి ఇరవై మంది వచ్చి పదిహేను రోజులు ఉంటే లోపల ఎప్పుడూ మూడొందల మంది ఉంటారు. అదే ఇరవై మంది పన్నెండు రోజులే ఉంటే రెండొందల నలభై. అంటే కోర్టు తేదీ మూడు రోజులు ముందే వేస్తే అరవై మంచాల బ్యారక్ కట్టక్కర్లేదు. ఒక్క ఇటుక పెట్టకుండా!

అందుకే జైలు సైజు తేల్చేముందు లోపల ఉన్నది ఎవరో చూడండి. భారతదేశం లెక్కే తీసుకుంటే, 2022 జైళ్ల గణాంకాల్లో ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలు, అంటే ఇంకా నేరం రుజువు కానివాళ్లు. జైళ్లు సామర్థ్యానికి 131.4 శాతం నిండి ఉన్నాయి. ఈ రెండు అంకెల్నీ విడివిడిగా చదివితే కొత్త జైళ్లు కావాలనిపిస్తుంది, కలిపి చదివితే బెయిలు, విచారణ వేగం గుర్తుకొస్తాయి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో 2017 జనవరి నుంచి డబ్బు పూచీకత్తు పద్ధతిని దాదాపు పక్కన పెట్టి, మనిషి వల్ల ఎంత ప్రమాదమో చూసి వదలడం మొదలెట్టారు. 2015 చివరికీ 2018 చివరికీ మధ్య అక్కడి జైళ్లలో విచారణ ఖైదీలు 44 శాతం దాకా తగ్గారు. ఆ రాష్ట్రంలో ఎవరైనా 2014లో జనాభా చూసి కొత్త జైలు ప్లాన్ గీసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

లెక్కలపిచ్చి:
కాపలాకోట గారు చెప్పిన గుణకారాన్ని లెక్కల్లో లిటిల్ సూత్రం అంటారు, జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. క్యూ ఎక్కడున్నా పనిచేస్తుంది, జైలుకే కాదు, జనన ధ్రువపత్రాల కౌంటర్‌కి కూడా. గంటకి అరవై మంది వచ్చి ఒక్కొక్కరు ఇరవై నిమిషాలు ఉంటే లోపల ఎప్పుడూ ఇరవై మంది. కుర్చీలు అంతకన్నా కాస్త ఎక్కువ వేస్తే చాలు.

కాకపోతే సగటుకి కట్టకూడదు. సోమవారం పొద్దున ఉండే రద్దీ, పండగ ముందు రోజు ఉండే రద్దీ సగటులో కనబడవు.

కాపలాకోట:
అవునండీ, అది చెప్పడం మర్చిపోయా. మూడొందల మందికి మూడొందల మంచాలు సరిపోవు. ఆడవాళ్లని మగవాళ్లతో, కుర్రాళ్లని పెద్దవాళ్లతో, విచారణ ఖైదీలని శిక్ష పడినవాళ్లతో కలపకూడదు. ఖైదీల్ని ఎలా చూడాలో చెప్పే నెల్సన్ మండేలా నియమాలని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించింది, వాటిలో 11వ నియమం ఇదే. వీళ్లు కాక జబ్బుపడినవాళ్లు, ఒకరికొకరు పడని ముఠాలు. ఆడవాళ్ల బ్యారక్‌లో పది మంచాలు ఖాళీగా ఉన్నా మగవాళ్లని అక్కడికి పంపలేం కదా. అందుకే జైలు తొంభై శాతం దగ్గరికొచ్చిందంటే నిజానికి నిండిపోయినట్టే. గది కొలతకి కూడా ఒక అంచనా ఉంది, యూరప్‌లో చిత్రహింసల నివారణ కమిటీ చెప్పేది ఒంటరి గదికి బాత్‌రూమ్ కాకుండా ఆరు చదరపు మీటర్లు, కలిసి ఉండే గదిలో మనిషికి నాలుగు. మీ డ్రాయింగులో అంతకన్నా తక్కువ కనబడితే అప్పుడే ఆపండి.

ఇక పన్నుకట్టేవాడు గారికి నచ్చే మాట ఒకటి. కట్టడానికి అయ్యే ఖర్చుకన్నా నడపడానికి అయ్యేదే ఎక్కువ. రాత్రింబవళ్లు ఒక మనిషి ఉండాల్సిన కాపలా పోస్టు వారానికి 168 గంటలు. ఒకడు నలభై గంటలు చేస్తే నలుగురు దాటుతారు, సెలవులు, జబ్బులు, శిక్షణ కలిపితే ఐదుగురు. ఆర్కిటెక్ట్ ఒక మూల చాటుగా గీసి అక్కడ ఒక పోస్టు పెట్టాల్సి వచ్చిందంటే భవనం ఉన్నన్నాళ్లూ ఐదు జీతాలు.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో పోర్ట్‌లాండ్ ఊళ్లో చూశారు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో మల్ట్నోమా కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు 5.8 కోట్ల డాలర్లు పెట్టి వాపాటో అని 525 మంచాల జైలు కట్టారు. 2004లో పూర్తయింది. నడపడానికి డబ్బు లేదు. ఒక్క ఖైదీని కూడా పెట్టకుండానే 2018లో అమ్మేశారు, తర్వాత అది ఇల్లులేనివాళ్ల ఆశ్రయం అయింది. కట్టడానికి బాండ్లు అడిగినప్పుడు జనం ఒప్పుకున్నారు, కానీ జీతాలు ఏ ఖాతాలోంచి వస్తాయన్నది ఆ రోజే తేల్చుకోలేదు.

పన్నుకట్టేవాడు:
చూశారా! నేను చెప్పేదీ అదే. కట్టొద్దు.

ఇటుకా_సున్నం:
పన్నుకట్టేవాడు గారూ, కట్టకపోవడం కూడా ఖర్చే. నెదర్లాండ్స్‌లో ఖైదీలు తగ్గి జైళ్లు ఖాళీ అయ్యాయి, టిల్‌బర్గ్ జైలుని 2010 నుంచి 2016 దాకా బెల్జియంకి, నార్గర్‌హావెన్‌ని 2015 నుంచి 2018 దాకా నార్వేకి అద్దెకిచ్చారు, చాలా జైళ్లు మూసేశారు. ఆ కథ ప్రపంచమంతా మెచ్చుకుంటూ చెప్పుకుంది. ఇప్పుడు అదే దేశంలో గదులు చాలట్లేదు, కాపలా సిబ్బంది దొరకట్లేదు. తగ్గింది కదా అని వదిలించుకున్న స్థలం, పంపించేసిన అనుభవమున్న మనుషులు మళ్లీ అడగ్గానే రారు.

వృత్తిరీత్యా భవనాలు గీసేవాణ్ణి కాబట్టి కోర్టు గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. కోర్టు భవనంలో మూడు దారులుంటాయి, అవి ఒకదాన్నొకటి తగలకూడదు. జనం వచ్చే దారి, జడ్జిలు, సిబ్బంది తిరిగే దారి, బేడీలతో ఖైదీని తీసుకొచ్చే దారి. మూడూ కలిసేది ఒక్క కోర్టు హాల్లోనే. ఈ నియమం వల్లే మామూలు ఆఫీసు భవనాన్ని తర్వాత కోర్టుగా మార్చడం చాలా కష్టం. లిఫ్టులు సరిపోవు, స్తంభాలు హాలు మధ్యలో వస్తాయి, పైకప్పు ఎత్తు చాలదు. కానీ కోర్టుకని ఎత్తుగా, దూరదూరంగా స్తంభాలు వేసి కట్టినదాన్ని ఆఫీసుగా వాడుకోవడం తేలిక. కాబట్టి నగరపటం గారూ, పెరుగుదలకి చోటు ఇలా దాచుకోండి: భవిష్యత్తులో కోర్టు హాళ్లు అయ్యే అంతస్తుని ఇప్పుడే కోర్టు ఎత్తులో కట్టి, మూడు దారుల లిఫ్టులకీ మెట్లకీ చోటు ముందే వదిలి, అందులో పదేళ్ల పాటు పన్నుల ఆఫీసునో, ఇంజినీరింగ్ విభాగాన్నో పెట్టండి. కోర్టు పెరిగినప్పుడు వాళ్లు బయట మామూలు భవనంలోకి వెళ్తారు. ఖాళీ అంతస్తు అని పత్రికలవాళ్లు రాయరు, రేపు గోడలు బద్దలుకొట్టనూ అక్కర్లేదు. అయితే దీని రాతకోతలు మొదటిరోజే అవ్వాలి, లేకపోతే ఆ ఇంజినీర్లు అక్కణ్ణుంచి కదలరు, ఇది మాత్రం గ్యారంటీ.

నల్లకోటు:
హహ, కదలరు. కోర్టు ఆర్డరు తెచ్చినా కదలరు.

వీల్‌చైర్_ప్రయాణం:
ఇంతసేపూ చదివాను. ఆన్‌లైన్ చేసేయండి అన్నవారికి ఒక మాట. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2016లో ఆన్‌లైన్ ట్రిబ్యునల్ మొదలైంది, అపార్ట్‌మెంట్ సంఘాల తగాదాలతో మొదలుపెట్టి 2017 నుంచి ఐదు వేల డాలర్ల లోపు చిన్న దావాలు కూడా చూస్తోంది. నాలాంటివాళ్లకి అది నిజంగా వరం, మెట్లు ఎక్కక్కర్లేదు. నేను దానికి వ్యతిరేకిని కాదు.

కానీ ఇంగ్లండ్, వేల్స్‌లో 2010 తర్వాత పదేళ్లలో మేజిస్ట్రేట్ కోర్టుల్లో దాదాపు సగం మూసేశారు. బస్సు మీద ఆధారపడేవాళ్లకి కోర్టు ఒక్కసారిగా దూరమైపోయింది. మూసేముందు వీడియో ఉంది కదా అన్నారు. వీడియోలో సాక్ష్యం చెప్పే మనిషి ఎక్కడ కూర్చుని చెప్తుంది? కొట్టిన మొగుడు పక్కగదిలో ఉన్న ఇంట్లోనా? ఆమెకి బయట ఒక తలుపున్న గది కావాలి, మంచి నెట్ కావాలి, సాయం చేసే మనిషి కావాలి. అంటే మళ్లీ భవనమే, కాకపోతే చిన్నది, ఇంటికి దగ్గరగా ఉండేది. మీరు ఆన్‌లైన్ వల్ల మిగిలే చదరపు అడుగుల్లో కొన్నైనా ఇలాంటి గదులకి ఇవ్వకపోతే మిగిలినట్టు కాదు, ఆమె నెత్తిన వేసినట్టు.

పాత_గుమాస్తా:
చాలా బాగా చెప్పారమ్మా. ఫోన్లో కాగితం దాఖలు చేయడం వచ్చాక కౌంటర్ దగ్గర జనం తగ్గిన మాట నిజమే. కానీ వచ్చేవాళ్లంతా కష్టమైన పని మీద వచ్చేవాళ్లే మిగిలారు, ఒక్కొక్కరికీ ముందుకన్నా ఎక్కువసేపు పడుతోంది. కిటికీలో చెయ్యి పెట్టి కాగితం తీసుకునే పద్ధతి చాలదు, కూర్చోబెట్టి మాట్లాడే బల్ల కావాలి.

నగరపటం:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఇప్పుడు నాకు అసలు చిక్కు ఇంకోటి. అన్నీ ఒకేచోట కడదామా, ఊరంతా పంచుదామా? ఊరి బయట పెద్ద స్థలం ఒకటి చవగ్గా వస్తోంది, కౌన్సిల్, కోర్టు, జైలు, పోలీసు అన్నీ అక్కడే పెట్టేయాలని ఒత్తిడి.

ఇటుకా_సున్నం:
ఊరి బయట చవగ్గా వస్తోందంటే ఎందుకు చవకో ముందు చూడండి. నీళ్లు నిలుస్తాయా? న్యూ ఓర్లీన్స్‌లో 2005 కత్రినా తుపానుకి క్రిమినల్ కోర్టు నేలమాళిగలో దాచిన సాక్ష్యాలు నీళ్లలో మునిగాయి, జైల్లో ఖైదీలు గదుల్లోనే వరదలో చిక్కుకుపోయారు. నేలమాళిగలో రికార్డులు, సర్వర్లు, జనరేటర్ పెట్టే డ్రాయింగు ఎవరైనా తెస్తే వెనక్కి పంపండి.

ఒకేచోట పెట్టడంలో నిజమైన లాభం కోర్టుకీ విచారణ ఖైదీల జైలుకీ మధ్యే ఉంది. రోజూ వ్యాన్లు, ఎస్కార్ట్ పోలీసులు, దారిలో ఆలస్యం, ఖైదీని తేలేదని వాయిదా, ఇదంతా తగ్గుతుంది. ఆ రెండూ పక్కపక్కన ఉండాలి. శిక్ష అనుభవించేవాళ్ల జైలు మాత్రం దూరంగా ఉన్నా కోర్టు పని ఆగదు.

కాపలాకోట:
ములాఖత్‌కి వచ్చేవాళ్ల సంగతి? శిక్ష పడినవాడికే ఇంటివాళ్లు ఎక్కువ కావాలి, ఏళ్ల తరబడి ఉండేది వాడే. బస్సు లేనిచోట జైలు పెట్టి తర్వాత సంస్కరణ అంటే ఎలా?

ఇటుకా_సున్నం:
సరే, అక్కడ మీ మాటే రైటు. బస్సు రూటు ఉన్నచోటే.

నల్లకోటు:
పెద్దదిగా ఒకేచోట అన్నదానికి డెన్మార్క్ ఉదాహరణ చూడండి. 2007లో 271 మున్సిపాలిటీల్ని 98 చేశారు, అదే ఏడాది జిల్లా కోర్టులు 82 ఉన్నవాటిని 24 చేశారు. వాళ్ల వాదనేమిటంటే చిన్న కోర్టులో ఒక్క జడ్జి సెలవు పెడితే అంతా ఆగుతుంది, ఫ్యామిలీ కేసులకో వ్యాపార కేసులకో ప్రత్యేకంగా అలవాటుపడ్డ జడ్జి ఉండడు. ఇందులో నిజముంది. పారిస్‌లో కూడా ఊరంతా చెల్లాచెదురుగా ఉన్న కోర్టుల్ని 2018లో బాటిన్యోల్ అనే పేటలో 160 మీటర్ల ఎత్తు భవనంలోకి తెచ్చారు, తొంభై కోర్టు హాళ్లు. కానీ అక్కడికి మెట్రో, రైలు ఉన్నాయి. మీ ఊరి బయటి స్థలానికి?

రెండోవైపు ఉదాహరణ కూడా ఉంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో రెడ్ హుక్ అనే పేటలో 2000 నుంచి ఒక చిన్న కోర్టు నడుస్తోంది. ఒకే జడ్జి క్రిమినల్, ఫ్యామిలీ, ఇళ్ల తగాదాలు అన్నీ చూస్తారు, మత్తు మానిపించే సలహాదారు, ఉద్యోగ శిక్షణ అదే భవనంలో. ఒక కుటుంబానికి ఉన్న మూడు కేసులూ మూడు భవనాల్లో తిరగకుండా ఒక్కచోట తేలతాయి.

నా లెక్కలో పెద్ద విచారణలు, జైలు నుంచి ఖైదీని తేవాల్సిన కేసులు ఒకేచోట ఉండాలి. ఇంటి అద్దె, జీవనభృతి, చిన్న బాకీలు, జరిమానాలు పేటల్లోకి రావాలి. జనం ఎక్కువసార్లు తిరిగేది ఈ రెండోరకానికే.

వీల్‌చైర్_ప్రయాణం:
పేటల్లో కోర్టుకని విడిగా కట్టక్కర్లేదు కూడా. బ్రెజిల్‌లో సావ్ పాలో రాష్ట్రం 1997 నుంచి పౌపతెంపో అని కేంద్రాలు నడుపుతోంది, వేర్వేరు శాఖల కౌంటర్లన్నీ ఒకే హాల్లో ఉంటాయి, ఏ శాఖదో జనానికి తెలియక్కర్లేదు. అలాంటి హాలు పక్కన వారానికి రెండు రోజులు జడ్జి వచ్చి కూర్చునే గది ఒకటి, సాక్ష్యం చెప్పే గది ఒకటి ఉంటే చాలు. ర్యాంపు మాత్రం ముందు గుమ్మానికే పెట్టండి, వెనక చెత్తకుండీల పక్కన కాదు.

పన్నుకట్టేవాడు:
ఇది వినడానికి బాగుంది, ఒప్పుకుంటా. మరి కౌన్సిల్ హాలు? దానికి గుమ్మటం కావాలంటారు మళ్లీ.

లెక్కలపిచ్చి:
కౌన్సిల్ హాలు అసలు జనాభాతో పెరగదు. సభ్యులు పదో పాతికో పెరుగుతారంతే. నెలకి కొన్ని రోజులే వాడతారు. కదిలే బల్లలు పెడితే మిగతా రోజుల్లో శిక్షణకో, బహిరంగ విచారణలకో పనికొస్తుంది. దాని గురించి ఇంతకన్నా టైము పెట్టొద్దు.

టైము పెట్టాల్సింది దశల మీద. ప్రణాళికలో "2035లో రెండో దశ" అని రాయకండి. జనం మీ క్యాలెండరు ప్రకారం పెరగరు. దాని బదులు గుర్తులు రాయండి. ఉదాహరణకి, ఏడాది పాటు ఖైదీల సగటు సామర్థ్యంలో 85 శాతం పైనే ఉంటే డిజైన్ మొదలుపెట్టాలి. లేదా వరసగా రెండేళ్లు కొత్త కేసులు తేలిన కేసులకన్నా ఎక్కువుంటే ముందు కారణం వెతకాలి, జడ్జి ఖాళీలు నింపాలి, అప్పటికీ తగ్గకపోతేనే కొత్త హాలు. జడ్జిలు లేని కోర్టు హాలు కట్టి ఏం లాభం. డిజైన్ నుంచి తలుపులు తెరిచేదాకా ఏళ్లు పడుతుంది కాబట్టి గుర్తుని నిండిపోయిన చోట పెట్టకూడదు, అంతకన్నా ముందే పెట్టాలి. స్థలం మాత్రం పూర్తి ఎక్కువ అంచనాకి సరిపడా ఇప్పుడే తీసుకోండి, ఊరు పెరిగాక దొరకనిది అదొక్కటే.

పన్నుకట్టేవాడు:
స్థలం ఇప్పుడు కొని పెడితే ఇరవై ఏళ్లలో సగం ఆక్రమణలు, మిగతా సగం ఎవరో లీజుకి తీసుకుంటారు. ఎవరు కాపలా?

ఇటుకా_సున్నం:
అందుకే ఖాళీగా వదలకూడదు. ఆటస్థలం, నర్సరీ, పార్కింగ్, ఏదో ఒకటి రోజూ మనుషులు తిరిగేది పెట్టాలి. కాకపోతే పార్కు అని పేరు పెట్టకండి, ఒకసారి పార్కు అన్నాక తర్వాత అక్కడ కోర్టు కడతామంటే జనం ఒప్పుకోరు, వాళ్ల తప్పు కూడా కాదు. పటంలో మొదటిరోజు నుంచే "న్యాయ, పాలనా అవసరాలకి కేటాయింపు" అని రంగు వేసి బోర్డు పెట్టండి.

నగరపటం:
పెద్దాయనకి చెప్పాల్సింది దొరికింది. గుణకారం ఆపి ముందు లెక్కలు తెప్పిద్దాం అని రేపటి మీటింగులో పెడతాను. కోర్టునీ జైలునీ ఏమేం అడగాలో ఒక్కసారి చెప్తారా? ఉత్తరం రాసుకెళ్తాను.

పాత_గుమాస్తా:
కోర్టుని పెండింగ్ సంఖ్య ఒక్కటే అడిగితే ఒకే పెద్ద అంకె ఇచ్చి పంపేస్తారు. గత పదేళ్లలో నెలనెలా దాఖలైనవి, తేలినవి, రకాల వారీగా అడగండి. ఏయే నెలల్లో ఎన్ని జడ్జి పోస్టులు ఖాళీగా ఉన్నాయో దాని పక్కనే ఒక గడిలో అడగండి, లేకపోతే కేసులు తేలకపోవడానికి హాళ్లు లేకపోవడమే కారణమనుకుంటారు. వాయిదా ఎందుకు పడిందో డైరీల్లో రాసే ఉంటుంది, ఒక నెలవి తీయించండి. సాక్షి రాలేదు, ఖైదీని తేలేదు, ప్లీడరు రాలేదు, టైము చాలలేదు అని నాలుగు రకాలుగా విడగొడితే చివరి రకానికి మాత్రమే భవనం పనికొస్తుంది.

కాపలాకోట:
జైలుని లోపలికొచ్చిన తేదీ, వదిలిన తేదీ, ఏ కారణంతో వదిలారు, ఈ మూడూ పేర్లు తీసేసి ఒక్కో మనిషికి అడగండి. నెలాఖరు సంఖ్య ఇస్తామంటే ఒప్పుకోకండి, రోజూ రాత్రి తలుపులేశాక తీసే లెక్క ఉంటుంది, అది కావాలి. బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేక ఉండిపోయినవాళ్లు ఎందరో కూడా అడగండి. ఆ కాగితం బయటికి రావడానికి కొంచెం టైము పడుతుంది, పట్టువదలకండి.

పన్నుకట్టేవాడు:
ఉత్తరంలో నా తరఫున ఒక లైను కలపండి. ఇప్పుడున్న భవనాల్లో ఎన్ని గదులకి తాళాలు వేసున్నాయో, ఎన్నింట్లో విరిగిన కుర్చీలు ఉన్నాయో కూడా రాయమనండి.